విచ్చుకున్న గ్లౌజు

ఆ ఏడు ఏప్రిల్లో, ఆటలు ఇంకో వారంలో మొదలవుతాయనగా, డెల్‌ని కాటర్స్‌విల్ బేస్‌బాల్ జట్టుకి అమ్మేశారు. చిన్న లీగుల్లో మనుషుల్ని అలాగే అమ్ముతారు. పొద్దున కబురు చెబుతారు, సాయంత్రానికి సామాను సర్దుకోవాలి.

అంతకుముందు ఏడాదంతా బెల్ఫోర్డ్‌లో మేం నలుగురం ఒకే ఇంట్లో ఉన్నాం. ముందు గది డెల్, మాక్సిన్‌లది. వెనక గది మాది. వంటిల్లు ఉమ్మడి. నా భర్త వర్జిల్ టాకెట్ పిచర్, అంటే బంతి విసిరేవాడు. డెల్ మైదానంలో ఎడంవైపు మూల కాసేవాడుగానీ అతన్ని జట్టులో ఉంచింది మాత్రం అతని బ్యాటే. వర్జిల్ మా కెంటకీ కొండల్లో బొగ్గుగని మనిషి కొడుకు, అడిగితేగానీ మాట్లాడడు. డెల్ నోరు మూతపడేది నిద్రలోనే, అదీ అనుమానమే అనేది మాక్సిన్. ఆ ఇద్దరికీ అంత స్నేహం ఎలా కుదిరిందో నాకు ఇప్పటికీ తెలియదు.

"గంట దారే కదే, సముద్రాలు దాటి పోతున్నామా?" అంది మాక్సిన్, పెనాన్ని పాత తువ్వాలులో చుడుతూ. అంటూనే ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను.

బయట మగవాళ్ళిద్దరూ మంచాన్ని కారు పైకెక్కించి తాళ్ళు బిగిస్తున్నారు.

"ఇకనుంచి నీ బంతి నేను కొడతాను, చూసుకోరా," అన్నాడు డెల్. "ఇన్నాళ్ళూ మనోడు కదా అని ప్రాక్టీసులో జాలిపడి వదిలేశాను."

"కొట్టరా. మా రూబీ దోగాడుకుంటూ వెళ్ళి పట్టుకుంటుంది," అన్నాడు వర్జిల్. రూబీ మా పిల్ల. అప్పటికి ఇంకా నిలబడటం రాలేదు.

డెల్ అన్నంత పనీ చేశాడు. మే నెలలో మా జట్టూ వాళ్ళ జట్టూ ఎప్పుడు తలపడ్డా, వర్జిల్ బంతిని డెల్ ఉతికి ఆరేశాడు. అదే విచిత్రం. ఆ ఏడు వర్జిల్ బంతిని లీగంతటిలో ఇంకెవడూ సరిగా తాకలేకపోయాడు. ఇంట్లో మాట పెగలని మనిషి బంతి విసిరేచోట మట్టిదిబ్బ మీద నిలబడితే ఊరంతా నోరు మూసుకుని చూసేది. పెద్ద లీగునుంచి గడ్డి టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన రెండుసార్లు వచ్చి చూసిపోయాడు కూడా. ఒక్క డెల్ దగ్గరే మావాడి పప్పులు ఉడకలేదు. డెల్ బ్యాటు పట్టుకు వస్తుంటే కాటర్స్‌విల్ జనం లేచి నిలబడి, "ఒరేయ్ టాకెట్టూ, మీ నాన్న వచ్చాడ్రా!" అని అరిచేవాళ్ళు. వర్జిల్ చెవులు ఎర్రబడేవి. ఇంటికొచ్చి అన్నం దగ్గర ప్లేటు వంకే చూస్తూ తినేవాడు.

జూన్‌లో ఒక ఆదివారం చర్చి అయ్యాక వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాం. తిన్నాక నలుగురం వెనక మెట్ల మీద కూర్చుని పీచ్ పళ్ళు తొక్క తీస్తున్నాం. మాక్సిన్ వాటిని సీసాల్లో ఊరబెట్టి చలికాలానికి దాచుకుంటుంది.

"ఒరేయ్, ఒక మాట చెప్తాను. కొట్టవుగా?" అన్నాడు డెల్.

"చెప్పేదాన్ని బట్టి ఉంటుంది."

"మెలిక బంతి వేసేముందు నీ గ్లౌజు విచ్చుకుంటుంది."

వర్జిల్ చేతిలో కత్తి ఆగిపోయింది.

పిచర్ బంతిని ఎడం చేతి గ్లౌజులో దాచి, లోపల్లోపలే వేళ్ళు సర్దుకుంటాడు. నేరుగా దూసుకొచ్చే బంతా, ఒంటి మీదికి వస్తున్నట్టే వచ్చి పక్కకి మెలిక తిరిగి జారిపోయే బంతా, అదే ఎదుటివాడికి తెలియకూడని సంగతి. మెలిక బంతికి వర్జిల్ వేళ్ళు లోతుగా దూర్చేవాడు. అప్పుడు గ్లౌజు అంచులు ఓ వెంట్రుకవాసి పక్కకి జరిగేవిట. రోజూ చూసే నేను ఎన్నడూ గమనించలేదు.

"ఎప్పట్నుంచి తెలుసు?" అన్నాడు వర్జిల్.

"పోయినేడు ప్రాక్టీసులో పట్టాను."

"అంటే పోయిన నెలంతా..."

"ఆఁ. పోయిన నెలంతా చూచిరాతే. మావాళ్ళెవరికీ చెప్పలేదులే."

"చెప్పొద్దు మహాప్రభో అని మొత్తుకున్నాను నేను," అంది మాక్సిన్. "అతను బాగా వేస్తే నీ కొట్టుడు ఏమవుతుందీ అన్నాను. నిన్నూ చూడ్డానికి వస్తున్నారు కదా పైవాళ్ళు అన్నాను. వింటేనా!" నవ్వుతూనే అంది. కానీ అందులో సగం నవ్వు కాదని నాకు తెలుసు.

డెల్ భార్య మాట పట్టించుకోలేదు. "నువ్వు పైకి వెళ్ళేవాడివిరా. అక్కడివాళ్ళు నాలాగా ఏడాది చూసి పట్టుకోరు. ఒక్క పూటలో పసిగడతారు. అంత చెయ్యి పెట్టుకుని గ్లౌజు వల్ల చెడిపోతే నేను చూడలేను."

వర్జిల్ చేతిలో పీచ్ గింజను పెరట్లోకి విసిరేశాడు. తర్వాత లేచి కారులోంచి గ్లౌజు తెచ్చుకున్నాడు. పొద్దు వాలేదాకా ఇద్దరూ పెరట్లోనే ఉన్నారు. వర్జిల్ బట్టలారేసే కొయ్య దగ్గర, డెల్ ఈ చివర చీపురుకట్టను బ్యాటులా పట్టుకుని.

"ఇప్పుడు?"

"విచ్చుకుంది."

"ఇప్పుడో?"

"లేదు... ఆగు. కొద్దిగా."

"ఇప్పుడు?"

"ఇప్పుడు తెలీలేదురా. దొంగ వెధవా, ఇప్పుడు తెలీలేదు!"

తన పొట్ట తనే కొట్టుకుని అంత ఆనందపడిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆ అలవాటు పోగొట్టుకోవడానికి సాయం కావాలి కాబట్టి వర్జిల్ మా జట్టు మేనేజరు క్రాండల్‌కి సంగతి చెప్పాడు. చెప్పింది డెల్ అని మాత్రం చెప్పలేదు. క్రాండల్ ముప్పై ఏళ్ళుగా చిన్న లీగుల్లోనే నానిపోయిన ముసలాయన. ఆ రాత్రి చిక్కుడుగింజలూ మొక్కజొన్న రొట్టే తింటూ వర్జిల్ నవ్వాడు. అతను నవ్వడమే అరుదు.

"ముసలోడు ఏమన్నాడో తెలుసా? ఆ అలవాటు పారెయ్యకు అబ్బాయ్, జేబులో పెట్టుకో అన్నాడు. కావాలని గ్లౌజు విప్పి చూపించి నేరు బంతి వేస్తే, తెలుసుననుకున్నవాడు కొయ్యబొమ్మలా నిలబడిపోతాడట."

"తెలిసినవాడు డెల్ ఒక్కడే కదా," అన్నాను నేను.

వర్జిల్ రొట్టె తుంచబోతూ ఆగాడు. "ఛ! వాడి మీదా?" అన్నాడు.

ఆ మాట నేను నమ్మాను. అతనూ నమ్మే అన్నాడు. ఆ సంగతి ఎవరు అడిగినా ప్రమాణం చేసి చెబుతాను.

జూలై మాకు పండగలా గడిచింది. గ్లౌజు బిగిసిపోయింది. వర్జిల్ వరసగా గెలుస్తూ పోయాడు. సరుకుల కొట్టులో మనుషులు నాకు దారి ఇచ్చి ముందు పంపేవాళ్ళు. డెల్‌కి వర్జిల్ బంతి ఇదివరకులా అందడం లేదుగానీ అతను ఊరుకునే రకం కాదు. ఏది వస్తుందో తెలియనప్పుడు అన్నిటికీ అందేలా నిలబడాలని పలక మీదికి జరిగి నిలబడటం మొదలెట్టాడు. బ్యాటు పట్టినవాడి ముందు నేలలో తెల్లటి పలక ఉంటుంది, బంతి దాని మీదుగా పోవాలి. డెల్ ఆ పలక మీదికి గుమ్మంలోంచి తొంగిచూసే మనిషిలా ఒంగేవాడు.

ఆగస్టులో ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ జట్టు మా ఊరు వచ్చింది. గడ్డి టోపీ పెద్దమనిషి మళ్ళీ వచ్చాడు. ఈసారి ఒకణ్ణి తీసుకెళ్ళడానికే వచ్చాడని ఊరంతా గుప్పుమంది. అది వర్జిలే అని మావాళ్ళు, డెల్ కూడా కావచ్చని వాళ్ళవాళ్ళు.

నేనూ మాక్సిన్ పక్కపక్కనే కూర్చున్నాం. ఎవరి జట్టు వాళ్ళదే అయినా మా అలవాటు అది. రూబీ మాక్సిన్ ఒళ్ళో ఉంది. అట్ట విసనకర్రతో పిల్లకి విసురుతూ, "నీకు అల్లం బిస్కట్లు ఇచ్చేది ఎవరే? మాక్సిన్ అత్త కదూ? మరి మీ నాన్నకి చెప్పు, మామకి ఒక్క మంచి బంతి వెయ్యమని," అని ఆడిస్తోంది. రేకుల కప్పు కింద ఉడికిపోతున్నాం.

ఆట చివరికొచ్చింది. మేము ఒక్క పరుగు ముందున్నాం. వాళ్ళవాళ్ళు ఇద్దరు పరుగుకి సిద్ధంగా ఉన్నారు. డెల్ వచ్చాడు. పలక మీదికి ఒంగాడు. వర్జిల్ మొదటి రెండు బంతులూ డెల్ ఒంటికి దూరంగా, పలక బయటివైపు వేశాడు. రెండోదాన్ని డెల్ మైదానం పక్కగీతకి జానెడు అవతల, చెల్లనిచోట పడేలా బాదాడు. ఆ జానెడూ ఇవతల పడి ఉంటే ఆట అయిపోయేది.

క్రాండల్ మట్టిదిబ్బ దగ్గరికి నడిచి వెళ్ళాడు. పొగాకు ఉమ్మాడు. ఏదో చెప్పి వచ్చేశాడు. ఏం చెప్పాడో నాకు తర్వాత తెలిసింది. "వాణ్ణి పలక మీంచి కదుపు. లోపలికి, వాడి ఒంటి వైపు వెయ్యి. నీకు ఆ గుండె ఉందో లేదో చూడ్డానికే ఆ టోపీ ఆయన కూర్చున్నాడు." అంతే అన్నాడట. గ్లౌజు మాట ఎత్తలేదట.

వర్జిల్ గ్లౌజును ఛాతీ దగ్గరికి తెచ్చాడు. లోపల వేళ్ళు సర్దుకున్నాడు. గ్లౌజు విచ్చుకుంది.

రెండు నెలలుగా బిగిసి ఉన్నది, మేమిద్దరం కూర్చున్నచోటికి కూడా కనబడేలా విచ్చుకుంది.

మాక్సిన్ విసనకర్ర ఆగింది. "అయ్యో, మళ్ళీ మొదలెట్టాడే మీ ఆయన," అంది నా చెవిలో. పాపం, దాని గొంతులో సంతోషమే ఉంది.

డెల్ ఒంగాడు. ఒంటి మీదికి వస్తున్నట్టే వచ్చి పక్కకి తిరిగే బంతి కోసం, దాన్ని వెంటాడి కొట్టడానికి.

టప్పుమని చప్పుడైంది. అది బ్యాటు చప్పుడనుకుని జనమంతా లేచి అరిచారు. బంతి ఎటు పోయిందా అని ఆకాశంలోకి చూశారు. డెల్ మోకాళ్ళ మీద ఉన్నాడు, మట్టిలో ఏదో పడేసుకుని వెతుక్కుంటున్నట్టు. ఆ రోజుల్లో హెల్మెట్టు నెత్తి వరకే. చెంపకి, కంటికి అడ్డమేమీ ఉండేది కాదు.

మాక్సిన్ పిల్లని నా ఒళ్ళో పెట్టింది. గౌను సర్దుకుంది. పరిగెత్తలేదు. ఎవరో తలుపు తడితే తీయడానికి వెళ్తున్నట్టు మెట్లు దిగి వెళ్ళింది.

డెల్‌ని తీసుకెళ్ళాక మిగిలిన ఆట వర్జిల్ పూర్తి చేశాడు. గెలిచాడు.

కారులో వస్తుంటే, "జారింది. చెమట," అన్నాడు.

"గ్లౌజు?" అన్నాను.

వర్జిల్ కారు వేగం పెంచాడు. ఇంటికొచ్చాక కారు దిగలేదు. పిల్లని పడుకోబెట్టి వచ్చి నేను కూడా పక్కన కూర్చున్నాను. అప్పుడు చెప్పాడు.

"ముఖానికి కాదు ఓపల్. నడుం ఎత్తున, లోపలి అంచుకి వేశాను. మెలిక అనుకుని కొట్టబోయి తప్పిపోతాడు, అంతే అనుకున్నాను. పైనుంచి చూడ్డానికి వచ్చినాయన కంట్లో పడతాను అనుకున్నాను. జారింది మాత్రం నిజం. ఒట్టు."

"గ్లౌజు జారలేదు కదా," అన్నాను.

"లేదు," అన్నాడు.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాం. మాక్సిన్ నడవాలో బెంచీ మీద ఉంది. నిన్నటి గౌనే. మమ్మల్ని చూసి లేచింది. ఎడంకంటికి చూపు ఇక రాదన్నారని చెప్పింది. పాలవాడు రాలేదన్నంత మామూలుగా చెప్పింది. నేను దాన్ని పట్టుకున్నాను. దాని ఒళ్ళు కర్రలా ఉంది.

"వర్జిల్, ఒక్కటే అడుగుతాను," అంది నా భుజం మీంచి. "ఆ అలవాటు మళ్ళీ వచ్చిందా?"

నేను వర్జిల్ వైపు తిరగలేదు. నేల మీద పలకల్ని చూస్తూ ఉన్నాను.

"వచ్చింది, మాక్సిన్," అన్నాడు.

అది తల ఊపింది. "డెల్ కూడా అదే అన్నాడు. వాడికి అలవాటు తిరగబెట్టింది, వాడి తప్పేమీ లేదు, వాణ్ణి ఏమీ అనకు అన్నాడు." అని, చేయి చాపి వర్జిల్ చొక్కా చేతిని ఒక్కసారి తాకింది.

ఆ వారంలోనే పైనుంచి కబురొచ్చింది. క్రాండల్ మా ఇంటికి వచ్చి మరీ చెప్పాడు. మెట్ల మీద నిలబడి, "వెళ్ళు అబ్బాయ్, ముప్పై ఏళ్ళలో నేను ఎక్కలేని చోటికి వెళ్తున్నావు," అన్నాడు. వర్జిల్ ఆయన చాపిన చేతిని కాసేపు చూసి, అప్పుడు అందుకున్నాడు.

సెప్టెంబరంతా పట్నంలో ఉన్నాం. అంత పెద్ద మైదానం, అంత పచ్చటి గడ్డి నేను ఎక్కడా చూడలేదు. వర్జిల్‌కి కొన్నిసార్లు అవకాశం ఇచ్చారు. మొదటిసారి బాగానే వేశాడు. అతని పేరు మైకులో మోగితే నాకు ఒళ్ళు జలదరించింది. రెండోసారికి నాకు అర్థమైంది, మూడోసారికి అందరికీ అర్థమైంది. పలక వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్ లోపలివైపు గ్లౌజు పెట్టి అడుగుతాడు. వర్జిల్ తల ఊపుతాడు. బంతి మాత్రం బయటికే పోతుంది. ప్రతిదీ బయటికే. డెల్ చెప్పింది నిజమే, అక్కడివాళ్ళు ఒక్క పూటలో పసిగట్టారు. నింపాదిగా పలక మీదికి ఒంగి, బయటి బంతుల్ని ఏరుకుని కొట్టారు.

"నీకు సగం పలకే కనబడుతోందా, బాబూ?" అని అడిగాడట అక్కడి మేనేజరు. కోపంగా కాదు, నిజంగానే అర్థంకాక. గదికొచ్చి అది చెప్పి వర్జిల్ మంచం అంచున కూర్చుండిపోయాడు.

"వేస్తే ఎవడికో తగులుతుందని భయమా?" అన్నాను.

"లోపలికి చూస్తే అక్కడ వాడే నిలబడి ఉంటున్నాడు ఓపల్. ఎవడు బ్యాటు పట్టుకున్నా వాడే."

ఆటలు అయిపోయాయి. వచ్చే వసంతంలో మళ్ళీ రమ్మన్నారు, చిన్న లీగులోంచి మొదలెట్టమన్నారు. రానని చెప్పేశాడు. అక్టోబరు మొదట్లో సామాను కారులో వేసుకుని మా కొండల వైపు బయల్దేరాం. కాటర్స్‌విల్ దారిలోనే ఉంది. ఆగుదామా అని నేను అడగలేదు. అతనే కారు తిప్పాడు.

డెల్ వరండాలో ఉన్నాడు. కంటి మీద నల్ల గుడ్డ. మమ్మల్ని చూసి, "రా చెల్లెమ్మా! రారా పెద్ద లీగోడా! మాక్సిన్, ఇంకో కోడిని కొయ్యాలే!" అని కేకపెట్టాడు. చిక్కిపోయాడుగానీ నోరు మాత్రం అదే. మాక్సిన్ గుమ్మంలోకి వచ్చి నన్ను కావలించుకుంది, రూబీని ముద్దాడింది, మూకుడు పొయ్యి మీద ఉందని లోపలికి పోయింది. డెల్ మాకు చల్లటి టీ పోశాడు. ఒంటికన్నుతో దూరం తెలియక కూజాని గ్లాసు పక్కకి పట్టాడు. టీ బల్ల మీద పారింది. "చూశారా, మా ఇంట్లో బల్లకి కూడా టీ ఇస్తాం," అని నవ్వి, ఈసారి గ్లాసు అంచుకి వేలు ఆనించి పోశాడు.

వర్జిల్ గ్లాసు ముట్టలేదు.

"డెల్, అది అలవాటు కాదురా," అన్నాడు. "కావాలనే విప్పాను. నువ్వు చూస్తావనే విప్పాను."

జాలీ తలుపు అవతల మూకుడులో గరిటె చప్పుడు ఆగిపోయింది.

డెల్ బల్ల మీద ఒలికిన టీని అరచేత్తో అంచుకి తోశాడు.

"తెలుసు," అన్నాడు. "బంతి నీ చేతిలో ఉండగానే తెలిసింది. చెయ్యి మెలిక బంతికి తిరిగే తిరుగుడు కాదు అది. కానీ అప్పటికే ఒంగిపోయాను."

"మరి మాక్సిన్‌తో..."

"ఏం చెప్పమంటావు? చెప్తే అది నిన్ను బతకనిస్తుందా, నన్ను బతకనిస్తుందా?" గ్లాసు కింద పెట్టాడు. వేలితో వెతుక్కుని మరీ పెట్టాడు. "ఒకటి చెప్పనా? రోజూ రేడియో పెట్టుకుని కూర్చునేవాణ్ణి. నీ పేరు వస్తుందేమోనని. నువ్వు అక్కడ పదేళ్ళు ఆడి ఉంటే బావుండేదిరా. పోతే పోయింది, ఊరికే పోలేదు అనుకునేవాణ్ణి. నువ్వు అది కూడా మిగల్చలేదు."

తిట్టినట్టు అనలేదు. వాన పడలేదన్నట్టు అన్నాడు. వర్జిల్ మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి, తల వంచుకుని విన్నాడు.

జాలీ తలుపు తెరుచుకుంది. మాక్సిన్ చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. వర్జిల్ వైపు చూడలేదు. డెల్ వైపు కూడా చూడలేదు. నన్నే చూసింది.

"ఓపల్, మీరు చీకటి పడకముందే కొండ దాటాలి కదా," అంది.

లోపల్నించి కోడి వేగిన వాసన వస్తోంది. బల్ల మీద ఆరు పళ్ళేలు వేయడానికి చోటున్న ఇల్లు అది. నేను రూబీని ఎత్తుకుని లేచాను. మెట్ల దగ్గర మాక్సిన్ చేతిని పట్టుకోబోయాను. ఆ చేతిలో తువ్వాలు ఉంది; అది తువ్వాలును రెండో చేతికి మార్చుకోలేదు.

ఆ తర్వాత మాక్సిన్‌ని నేను చూడలేదు. చాలా ఏళ్ళు క్రిస్మస్‌కి కార్డు పంపాను. అక్క లేకుండా పెరిగినదాన్ని, ఆ ఒక్క ఏడాది ఉమ్మడి వంటింట్లో నాకు ఒక అక్క ఉండేది.

వర్జిల్ మా ఊళ్ళో స్కూలు బస్సు నడిపాడు, పొలం చూసుకున్నాడు, చర్చికి కప్పు వేశాడు. మంచివాడని పేరు. ఊళ్ళో పెద్దవాళ్ళకి ఆ సెప్టెంబరు ఇంకా గుర్తు. ఎవరో ఒకరు మా వరండాలో కూర్చుని, "అంత పైకి వెళ్ళావు, ఎందుకు మానేశావయ్యా వర్జిల్?" అని అడుగుతూనే ఉంటారు.

"చెయ్యి పోయింది," అంటాడు వర్జిల్, కుడి భుజం రుద్దుకుంటూ.

వాళ్ళు అయ్యో అంటారు. నేను కాఫీ పోస్తాను. ఆ చేత్తోనే అతను నిన్న ఎండిన ఓకు చెట్టు కొట్టి, దుంగలు పెరట్లో పేర్చాడు.